బాగా పనిచేస్తున్న ఫాదర్‌నే ఎందుకు బదిలీ చేస్తారు?

క్లుప్తంగా: ఒక విచారణను (పారిష్, అంటే ఒక ప్రాంతపు కతోలిక విశ్వాసుల సమూహం) చూసుకునే విచారణ గురువు బదిలీ శిక్ష కాదు. తొలగింపుకు శ్రీసభ (కతోలిక సంఘం) చట్టంలో వేరే దారి ఉంది. బదిలీ నిబంధనలు రాసిందే చక్కగా పనిచేస్తున్న గురువును దృష్టిలో పెట్టుకుని. గురువు ఒప్పుకోకపోతే బిషప్ కొన్ని మెట్లు దాటాలి, అయితే ఆ మెట్లు గురువుకున్న రక్షణ; విచారణ ప్రజలకున్నది తమ మాట వినిపించే హక్కు. అసలు నష్టం చాలాసార్లు బదిలీ ఉత్తర్వులో కాదు, అప్పగింతలో జరుగుతుంది.

ఏ మేత్రాసనంలోనైనా (ఒక బిషప్ పరిధిలోని ప్రాంతంలో) బదిలీల జాబితా బయటికి వచ్చిందంటే ఒకటి రెండు విచారణల్లో అలజడి తప్పదు. ఇంటింటికీ తిరిగిన ఫాదర్, అర్ధరాత్రి పిలిచినా వచ్చి రోగి మంచం పక్కన కూర్చున్న ఫాదర్, చెల్లాచెదురైన యువజన సంఘాన్ని నిలబెట్టిన ఫాదర్ వెళ్లిపోతున్నారంటే జనం ఊరుకోరు. సంతకాలు పోగవుతాయి, బిషప్ హౌస్‌కు బృందాలు బయల్దేరతాయి. వెనకాలే రెండు పుకార్లు. ఫాదర్ ఏదో తప్పు చేసి ఉంటారని ఒకటి, ఆయనకు వచ్చిన పేరు చూసి ఓర్వలేనివాళ్లు పితూరీలు చెప్పారని ఇంకొకటి. అలాంటివి ఎక్కడా జరగవని కాదు. కానీ మామూలు బదిలీని అర్థం చేసుకోవడానికి ఈ రెండూ పనికిరావు.

ముందు తేలాల్సింది ఆయన హోదా

జనానికి అందరూ ఫాదరే. చట్టానికి కాదు. 1983లో వచ్చిన శ్రీసభ చట్ట స్మృతి విచారణను స్థిరంగా ఏర్పడిన విశ్వాసుల సమూహంగా, తనకంటూ చట్టపరమైన ఉనికి ఉన్న సంస్థగా చూస్తుంది (515వ సూత్రం). ఆ సమూహాన్ని బిషప్ అధికారం కింద ఒక గురువుకు అప్పగిస్తారు. ఆయనే విచారణ గురువు. ఆయన పదవికి స్థిరత్వం ఉండాలని, గడువు లేకుండా నియమించాలని 522వ సూత్రం అంటుంది. గడువు పెట్టి నియమించాలంటే ఆ దేశపు బిషప్పుల సమాఖ్య డిక్రీ ద్వారా అందుకు అనుమతించి ఉండాలి. అమెరికా సమాఖ్య అలా ఆరేళ్ల గడువుకు వీలు కల్పించింది. ముగిశాక పొడిగించడం బిషప్ ఇష్టం.

గడువు మీద వచ్చిన గురువు విషయంలో ఆ గడువు తీరడమే కారణం. ఒప్పించడాలు, నచ్చజెప్పడాలు అక్కర్లేదు. అలాగని తేదీ దాటగానే పదవి దానంతటది పోదు. అధికారి రాతపూర్వకంగా తెలియజేసిన క్షణం నుంచే పోతుంది (186వ సూత్రం). గడువు దాటి నెలలు గడిచినా అక్కడే ఉన్న గురువు చేసిన పనులు చెల్లవని వాదించేవాళ్లు ఈ సూత్రం చూడరు.

సహాయక గురువు పరిస్థితి పూర్తిగా వేరు. న్యాయమైన కారణం ఉంటే చాలు, బిషప్ ఆయన్ను మార్చవచ్చు (552వ సూత్రం). పిల్లలకు, యువతకు చేరువయ్యేది తరచూ ఈ చిన్న ఫాదర్లే. చట్టంలో అతి తక్కువ రక్షణ ఉన్నదీ వీళ్లకే.

ఇక మఠసభలకు చెందిన గురువులు. వీళ్లను బిషప్ వాళ్ల సభ పెద్దకు తెలియజేసి మార్చవచ్చు, సభ పెద్ద బిషప్‌కు తెలియజేసి వెనక్కి పిలవవచ్చు. ఒకరికొకరు చెప్పాలే తప్ప ఒకరి సమ్మతి మరొకరికి అవసరం లేదు (682వ సూత్రం). అంటే నిర్ణయం ప్రొవిన్షియల్ (మఠసభ ప్రాంతీయ పెద్ద) దగ్గర జరిగితే, బిషప్ హౌస్‌లో ఇచ్చిన వినతిపత్రం వెళ్లాల్సిన చోటికి వెళ్లనట్టే. 75 ఏళ్లు నిండిన విచారణ గురువును రాజీనామా ఇమ్మని చట్టమే కోరుతుంది. దాన్ని వెంటనే ఆమోదించాలా, కొన్నాళ్లు ఆపాలా అన్నది బిషప్ చూసుకుంటారు.

మంచి గురువు కోసం రాసిన అయిదు సూత్రాలు

స్మృతిలో మొత్తం 1752 సూత్రాలు. చిట్టచివరి అయిదూ విచారణ గురువు బదిలీ గురించే. ఆ అయిదింటిలో మొదటిదైన 1748 ఎక్కడ మొదలవుతుందో చూస్తే సగం అపోహ తీరిపోతుంది. తన విచారణను ప్రయోజనకరంగా నడుపుతున్న గురువును, ఆత్మల మేలు కోసమో శ్రీసభ అవసరం కోసమో మరో విచారణకు లేదా మరో పదవికి పంపాల్సి వస్తే ఏం చేయాలన్నదే అందులోని ప్రశ్న. గురువు బాగా పనిచేస్తున్నాడని చట్టం ముందే ఒప్పుకుంటోంది. కాబట్టి ‘బాగా చేస్తున్నారు కదా, ఎందుకు మార్చడం?’ అన్న అభ్యంతరానికి ఈ చట్టం దగ్గర బలం లేదు.

మెట్లు ఇలా ఉంటాయి. బిషప్ బదిలీ ప్రతిపాదనను రాసి పంపాలి. దైవప్రేమ కోసం, ఆత్మల కోసం ఒప్పుకోమని నచ్చజెప్పాలి. గురువుకు ఇష్టం లేకపోతే కారణాలు రాసి ఇవ్వాలి. నోటితో ‘కుదరదు’ అంటే సరిపోదు. ఆ కారణాలు చదివాక కూడా బిషప్ తన ఆలోచన మార్చుకోకపోతే, ఇద్దరు విచారణ గురువులతో కూర్చుని అనుకూల, ప్రతికూల అంశాలు తూచాలి. ఆ ఇద్దరినీ అప్పటికప్పుడు తనకు నచ్చినట్టు ఎంచుకోవడానికి లేదు. గురువుల సలహా మండలి ముందే ఖరారు చేసిన బృందం నుంచి తీసుకోవాలి. వాళ్ల అభిప్రాయం సలహా మాత్రమే. అప్పటికీ బదిలీ అవసరమనిపిస్తే బిషప్ మరోసారి తండ్రిలా నచ్చజెప్పాలి. ఇంకా కాదంటేనే ఉత్తర్వు ఇస్తారు, ఫలానా తేదీ తర్వాత విచారణ ఖాళీ అయినట్టు అని. ఆ తేదీ వ్యర్థంగా గడిచాక ఖాళీ అయినట్టు ప్రకటిస్తారు.

ఉత్తర్వు మీద గురువు పోరాడవచ్చు. అందినప్పటి నుంచి 10 పనిదినాల్లోపు దాన్ని వెనక్కి తీసుకొమ్మని బిషప్‌నే రాతపూర్వకంగా అడగాలి. బిషప్ 30 రోజుల్లో తేల్చాలి. తేల్చకపోయినా, కాదన్నా, ఆపైన 15 పనిదినాల్లో రోములోని గురువుల విభాగానికి అప్పీలు చేసుకోవచ్చు. పనిదినాలంటే ఇక్కడ ఆఫీసు సెలవుల లెక్క కాదు. తనకీ హక్కు ఉందని తెలియకపోతేనో, దాన్ని వాడుకునే వీలు లేకపోతేనో ఆ రోజులు లెక్కలోకి రావు. అప్పీలు తేలేవరకు బిషప్ అక్కడ కొత్త విచారణ గురువును వేయకూడదు, తాత్కాలిక నిర్వాహకుడితో నడిపించాలి.

‘ఆత్మల రక్షణే శ్రీసభలో అత్యున్నత చట్టం’ అన్న మాటను ఉపన్యాసాల్లో తెగ వాడతారు. ఆ మాట ఉన్నది ఈ 1752వ సూత్రంలోనే, బదిలీ నిబంధనల కొసన.

ఇన్ని మెట్లున్నా, చాలా బదిలీలు మొదటి మెట్టు దగ్గరే ముగుస్తాయి. గురుపట్టాభిషేకం రోజున బిషప్ చేతుల్లో చేతులు పెట్టి ఆయనకూ ఆయన తర్వాత వచ్చేవారికీ విధేయంగా ఉంటానని మాట ఇచ్చిన గురువు, ప్రతిపాదన రాగానే సరే అంటారు. ఆయన ఒప్పుకున్నాక మిగతా మెట్లకు పని లేదు. విచారణ ప్రజలకు సంగతి తెలిసేది సాధారణంగా ఆ తర్వాతే. నిరసనలు ఆలస్యంగా మొదలై, ఏ తలుపూ తెరుచుకోకుండా ముగిసిపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

తొలగింపు వేరే దారి

గురువు పని విచారణకు హానికరంగా మారినప్పుడు, ఆయన తప్పు లేకపోయినా సరే, తొలగించవచ్చని 1740వ సూత్రం చెబుతుంది. తీవ్రమైన అశాంతికి దారితీసే ప్రవర్తన, అసమర్థత లేదా నయంకాని అనారోగ్యం, యోగ్యులైన విశ్వాసుల్లో మంచి పేరు పోవడం, హెచ్చరించినా బాధ్యతలు వదిలేయడం, ఆస్తులను పాడుచేయడం: ఇవి ముఖ్యమైన కారణాలని 1741 వివరిస్తుంది. ఇక్కడా ఇద్దరు గురువులతో సంప్రదింపు, రాతపూర్వక సమాధానానికి అవకాశం ఉన్నాయి. శిక్షకు సంబంధించిన న్యాయ ప్రక్రియలైతే వీటికి పూర్తిగా బయట, వేరే విధానంలో నడుస్తాయి.

మరి జనం ఎందుకు అనుమానిస్తారు? ఆ అనుమానానికి చరిత్ర ఉంది. పిల్లలపై లైంగిక వేధింపుల ఆరోపణలు వచ్చిన గురువులను చడీచప్పుడు లేకుండా మరో చోటికి పంపేసిన ఉదంతాలు అనేక దేశాల్లో రుజువయ్యాయి. 2019లో పోప్ ఫ్రాన్సిస్ తెచ్చిన నిబంధనలు అలాంటి ఫిర్యాదులను తప్పక నివేదించాలని గురువులను, మఠవాసులను ఆదేశించాయి. వాటిని కప్పిపుచ్చిన బిషప్పుల మీద దర్యాప్తుకూ దారి చూపాయి. కారణం చెప్పని ప్రతి బదిలీ మీదా ఆ పాత నీడ పడుతోంది. ఏ తప్పూ లేని గురువు కూడా దాని కింద నలుగుతున్నారు. ‘ఇది సాధారణ బదిలీ, ఆరోపణలేవీ లేవు’ అని ఆదివారం పూజలో ఒక్క వాక్యం చదివించడానికి మేత్రాసనాలు ఎందుకు తటపటాయిస్తాయో అర్థం కాదు. ఆ వాక్యం నిజమైన చోట చదివితే ఖర్చేమీ లేదు.

ఒక్క ఖాళీ, నాలుగు బదిలీలు

బిషప్ బల్ల మీద బదిలీ ఒంటరిగా ఉండదు. ఒక పెద్ద విచారణ గురువు వయసు మీదపడి విరమించారనుకుందాం. అక్కడికి అనుభవజ్ఞుడు కావాలి. ఆయన్ను తెస్తే ఆయన విచారణ ఖాళీ. దాన్ని నింపడానికి బడి చూసుకుంటున్న గురువును పంపితే బడికి మనిషి కావాలి. అక్కడికి సహాయక గురువును వేస్తే ఆ విచారణకు కొత్తగా అభిషేకం పొందినవాడు రావాలి. గొలుసులో మూడో కడియం దగ్గర ఉన్న జనానికి మొదటి కడియం కనిపించదు. తమ ఫాదర్ ఒక్కరినే కావాలని కదిపినట్టు అనిపిస్తుంది. ఒక్క బదిలీ ఆపితే మిగతా మూడూ ఆగిపోతాయి కాబట్టి బిషప్ వెనక్కి తగ్గడమూ కష్టమే.

పేరున్న గురువు ముందుగా కదలడానికి ఇంకో కారణం, చెప్పుకోవడానికి కాస్త ఇబ్బందిగా ఉండేది. చీలికలున్న విచారణకో, అప్పుల్లో కూరుకున్న విచారణకో బలహీనుణ్ని పంపలేరు. మనుషులతో నెగ్గుకురాగల గురువు దగ్గరే చూపు ఆగుతుంది.

దీర్ఘకాలం ఉంచడం వల్ల లాభాలు తక్కువేం కాదు. తన ప్రజలను ఎరగాలని, కుటుంబాలను సందర్శించాలని, వాళ్ల ఆందోళనల్లో దుఃఖాల్లో పాలుపంచుకోవాలని, రోగులను, మరణశయ్య మీద ఉన్నవాళ్లను ఆదుకోవాలని 529వ సూత్రం విచారణ గురువును ఆదేశిస్తుంది. ఇది రెండు మూడేళ్లలో అయ్యే పని కాదు. ఎవరింట్లో ఎవరితో మాటల్లేవో తెలియడానికే ఏడాది పడుతుంది. మరీ త్వరగా మార్చే మేత్రాసనాల్లో గురువులు భవనాలు కట్టి వెళతారు, మనుషుల దాకా రారు; మూడేళ్లలో చూపించగలిగేది భవనమే కదా. మరోవైపు, పదిహేనేళ్లు ఒకేచోట ఉన్న గురువు చుట్టూ ఒక వలయం ఏర్పడుతుంది. ఆయనతో పడనివాళ్లు పూజకు మరో ఊరు వెళ్లడం అలవాటు చేసుకుంటారు. వాళ్లు సంతకాల కాగితం మీద కనిపించరు.

స్థిరత్వం ఎక్కడి నుంచి వచ్చింది

ఒకప్పుడు విచారణ పదవికి భూములు, రాబడి అంటిపెట్టుకుని ఉండేవి. పదవి తీసేయడమంటే బతుకుతెరువు తీసేయడం. అందుకే దాన్ని గట్టిగా కాపాడేవారు. రాబడి తీసుకుంటూ విచారణలో కాలుపెట్టని గురువులూ అప్పట్లో ఉండేవారు కాబట్టి, 16వ శతాబ్దంలో బిషప్పులు సమావేశమైన ట్రెంట్ మహాసభ, గురువు తన విచారణలోనే నివసించి తీరాలన్న నియమాన్ని బిగించింది. ఇప్పటికీ విచారణ గురువుకు సెలవు ఏడాదికి నెల దాటకూడదు. వారం మించి ఊళ్లో లేకపోతే బిషప్‌కు చెప్పి వెళ్లాలి (533వ సూత్రం).

1917 నాటి స్మృతి విచారణ గురువులను కదల్చదగినవారు, కదల్చరానివారు అని రెండుగా విభజించింది. 1965లో రెండో వాటికన్ మహాసభ ఆ విభజనను రద్దు చేయమంది. అందరికీ స్థిరత్వం ఉండాలి గానీ అది ఆత్మల మేలు కోసం, గురువు హక్కు కోసం కాదన్నది అక్కడ తీసుకున్న మలుపు. బదిలీ విధానాన్ని సరళం చేయమన్నదీ ఆ సభే.

విచారణ గురువుల పాలక పునీతుడు (వారికి అండగా భావించే సంతుడు) జాన్ మరియ వియాన్నీ కథ ఈ చర్చలో తరచూ వస్తుంది. లాటిన్ సరిగా రాక చదువులో తడబడిన ఈ ఫ్రెంచి గురువు 1818లో ఆర్స్ అనే పల్లెకు వచ్చాడు. అప్పుడక్కడ ఉన్నది సుమారు 230 మంది. 1820లో ఆయన్ను సాల్ అనే ఊరికి వేశారు. సోన్ నదికి వరదలొచ్చి సామాను దాటలేదు. ఈలోగా ఊరి పెద్దలు వెళ్లి మొరపెట్టుకుంటే బదిలీ రద్దయింది. 1859లో చనిపోయే వరకు, 41 ఏళ్లు ఆయన అక్కడే ఉన్నాడు. పాపసంకీర్తనాలు (విశ్వాసుల పాపాల ఒప్పుకోళ్లు) వింటూ రోజుకు పదహారు గంటల దాకా కూర్చునేవాడు.

‘మా ఫాదర్‌ను కూడా అలాగే వదిలేయండి’ అనేవాళ్లు ఆ కథలో రెండో సగం చెప్పరు. ఆయన వెళ్లిపోవాలని పదేపదే ప్రయత్నించాడు. ప్రార్థనలో, పశ్చాత్తాపంలో చివరి రోజులు గడపాలన్నది ఆయన కోరిక. 1843లో పుట్టినూరికి వెళ్లి మరీ వెనక్కి వచ్చాడు. 1853లో జనమే అడ్డుపడి ఆపేశారు. బిషప్ అనుమతించలేదు, ప్రజలు వదల్లేదు. 1824లో ఆయన పేద బాలికల కోసం మొదలుపెట్టిన బడిని మాత్రం 1840ల చివర్లో మఠకన్యలకు అప్పగించారు. ఆ అప్పగింత ఆయనకు బాధ కలిగించింది.

సంతకాల కాగితం ఏం చేయగలదు

శ్రీసభ మేలుకు సంబంధించిన తమ అభిప్రాయాన్ని కాపరులకు తెలియజేసే హక్కు, కొన్నిసార్లు బాధ్యత కూడా, విశ్వాసులకు ఉందని 212వ సూత్రం చెబుతుంది. కాబట్టి వినతిపత్రం ఇవ్వడం తిరుగుబాటు కాదు. అయితే ‘మాకు ఆయన చాలా ఇష్టం’ అని రాసిన రెండు వేల సంతకాల కన్నా, వాస్తవాలు రాసిన ఒక పేజీ ఎక్కువ పనిచేస్తుంది: గుడి నిర్మాణం ఏ దశలో ఉంది, అప్పు ఎంత, ఏ గొడవ సగం రాజీలో ఉంది, ఏ భాష మాట్లాడే గురువు అవసరం. బదిలీ రద్దు కోరడం కన్నా ఆరు నెలల వాయిదా కోరడం నెగ్గే అవకాశం ఎక్కువ. గుడికి తాళం వేయడం, కొత్త ఫాదర్‌ను లోపలికి రానివ్వకపోవడం మాత్రం ముందుగా దెబ్బతీసేది పాత ఫాదర్‌నే. వెనకుండి ఎగదోస్తున్నారన్న మాట ఆయన మీదికి వస్తుంది.

అప్పగింతలో తెగిపోయేవి

వీడ్కోలు సభకు ఉండే శ్రద్ధలో పదోవంతు రిజిస్టర్ల మీద ఉండదు. జ్ఞానస్నానం (బాప్తిస్మం), వివాహం, మరణాల రిజిస్టర్లు ప్రతి విచారణలో ఉండాలి (535వ సూత్రం). దూరపు సబ్‌స్టేషన్లలో (విచారణ కిందే ఉండే చిన్న ఊళ్ల గుళ్లలో) ఇచ్చిన జ్ఞానస్నానాలను చీటీ మీద రాసుకుని, తర్వాత పుస్తకంలో ఎక్కిద్దామనుకోవడం మామూలు. ఆ చీటీలు డైరీ మధ్యలో ఉండగానే ఫాదర్ వెళ్లిపోతారు. ఇరవై ఏళ్ల తర్వాత పెళ్లికి సర్టిఫికెట్ కోసం వచ్చిన అమ్మాయికి పేరే దొరకదు. సంతకం లేని నమోదులు, జ్ఞానతల్లిదండ్రుల పేర్లు ఖాళీగా వదిలినవి, పెళ్లి జరిగినట్టు జ్ఞానస్నాన రిజిస్టరు పక్కన రాయనివి: వీటిని పాత ఫాదర్ ఉండగానే ఆయనే సరిచేయగలరు.

తర్వాత పూజ కానుకలు, అంటే ఒక ఉద్దేశం కోసం పూజ అర్పించమని విశ్వాసులు ఇచ్చే డబ్బు. సాధారణంగా ఒక్కో కానుకకు ఒక్కో పూజ అర్పించాలి. ఎన్ని పూజలు, ఏ ఉద్దేశం, ఎంత కానుక, అర్పించారా లేదా అన్నవి పుస్తకంలో ఉండాలి (958వ సూత్రం). ఆ పుస్తకం సరిగా లేకపోతే తీసుకున్న డబ్బు, మిగిలిన పూజలు సరిపోలవు. ఆ భారం కొత్త గురువు మీద పడుతుంది, లేదా ఎవరి మీదా పడదు. రెండోది ఇంకా అన్యాయం.

పేరున్న గురువు దగ్గర చిక్కుపడేది డబ్బే. దాతలు ఆయన ముఖం చూసి ఇస్తారు. విచారణ నిర్వాహకుడికి ఇచ్చిన కానుక, వేరేలా రుజువైతే తప్ప, విచారణకే ఇచ్చినట్టని 1267వ సూత్రం అంటుంది. వాహనం, సౌండ్ సిస్టం, కట్టడం కోసం వచ్చిన సొమ్ము ఆయనతో వెళ్లవు. ప్రతి విచారణలో తప్పనిసరిగా ఉండాల్సిన ఆర్థిక సంఘం కాగితం మీదే ఉన్నచోట, ఏది ఎవరికిచ్చారో చెప్పేవాళ్లు ఉండరు. అప్పగింత రోజున బ్యాంకు ఖాతాల నిల్వలు, చెక్కుల మీద సంతకందారుల మార్పు, బాకీల పట్టిక, ఆస్తుల జాబితా రెండు వైపులా సంతకాలతో పూర్తికావాలి. ఈ రోజుల్లో యూట్యూబ్ చానల్, వాట్సాప్ గ్రూపుల అడ్మిన్ హక్కులు కూడా ఆ జాబితాలో చేరాలి.

కొత్త గురువు చార్జి తీసుకునే వరకు ఆ పదవి అధికారాలు ఆయనకు రావు. ఈ మధ్యకాలంలో తాత్కాలిక నిర్వాహకుణ్ని వేసేలోపు, సహాయక గురువు ఉంటే ఆయనే చూసుకోవాలి (541వ సూత్రం). ఈ సందులోనూ ఆ తర్వాతా అతి ప్రమాదకరమైన పొరపాటు పెళ్లిళ్ల దగ్గర జరుగుతుంది. ‘మా పెళ్లి పాత ఫాదరే చేయాలి’ అని కుటుంబాలు పట్టుబడతాయి. పాపసంకీర్తనం వినే అనుమతి తన బిషప్ నుంచి స్థిరంగా ఉన్న గురువు దాన్ని మరోచోట కూడా వాడుకోవచ్చు. పెళ్లి అలా కాదు. పదవి వదిలిన రోజే ఆ విచారణలో పెళ్లి జరిపించే అధికారం పోతుంది. ప్రస్తుత విచారణ గురువు గానీ బిషప్ గానీ, ఫలానా గురువు ఫలానా పెళ్లి జరిపించవచ్చని అధికారం ఇవ్వాలి. అది లేకుండా జరిగితే, కొన్ని అరుదైన మినహాయింపులు పోను, ఆ వివాహం చట్టం దృష్టిలో చెల్లదు. దాన్ని తర్వాత సరిచేయడానికి బిషప్ దాకా వెళ్లాల్సి రావచ్చు. చట్టం ప్రకారం ఒక్క పెళ్లికైతే నోటిమాట చాలు, పెళ్లిళ్లన్నిటికీ కలిపి ఇస్తే రాతలో ఉండాలి. ఒక్క పెళ్లికైనా రాసి తీసుకుని, ఆ కాగితాన్ని వివాహ దస్తావేజుల్లో చేర్చడమే క్షేమం.